నర్సవ్వ గొంతు, రాజేశమన్న ఊపిరి

హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మొదట వినిపించేది కత్తెర. బీడీలు చుట్టడానికి ముందురోజే నీళ్లలో నానబెట్టిన తునికాకు కనుక కరకరమనదు, మెత్తగా తెగుతుంది. దాని వెనకాలే నర్సవ్వ గొంతు వస్తుంది. ఆ రెండింటి కింద, చెవి ఒగ్గి వింటే తప్ప దొరకనంత సన్నగా, మూడో చప్పుడు ఒకటి ఉంది. అది ఎవరో ఊపిరి కష్టంగా లాగి, అంతకంటే కష్టంగా వదులుతున్న చప్పుడు. కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు వెనక ఉన్న నా చిన్న గదిలో ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుండగా నేను దాన్ని వింటున్నాను. ఫ్యాను తిరిగితే అది వినబడదు. ముందు బల్ల మీద ఫోనులో హైదరాబాదు సంస్థ ఒకటి పంపిన ఉత్తరం తెరిచే ఉంది. సినిమా మాకు నచ్చింది, విడుదల ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, అయితే ఆ ముసలామె మాటలు అందరికీ అర్థం కావు కనుక వేరే గొంతుతో చెప్పించాలి, వెనక ఉన్న రొద తీసేయాలి అని దాని సారాంశం. శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. వాళ్లు రొద అంటున్నది రాజేశమన్న ఊపిరిని. ఆయన పోయి మూడేళ్లవుతోంది.

రాజేశమన్నకు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, చీరలు కట్టించే ఫంక్షన్లు, పెళ్లికి ముందు పోచారం డ్యాం మీద జంటల చేత చేయి చేయి పట్టించి తీసే పాటలు, ఇవే ఆయన బతుకుతెరువు. మనిషి పొట్టి, మాట తక్కువ, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలు. నేను లింగంపేటలో బీడీలు చుట్టే తల్లికి పుట్టి, కామారెడ్డిలో డిగ్రీ చదివి, కంప్యూటర్ మీద ఎడిటింగ్ నేర్చుకుని, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర పనికి కుదిరాను. అప్పటికి నాకు కోపం ముక్కు మీద ఉండేది, మాట మాత్రం పుస్తకంలో ఉన్నట్టు ఉండేది. కాలేజీలో నా యాసను చూసి నవ్వినవాళ్ల ముందు అది కష్టపడి నేర్చుకున్న మాట. మొదటిరోజు నేను "కూర్చోమంటారా" అని అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీది లింగంపేటేనా చెల్లే?" అన్నాడు. నేను వారం రోజులు ఆయన మీద పళ్లు నూరాను. తర్వాత ఎప్పుడు మారానో తెలియదు, ఆయన దగ్గర నా నోటికి ఇంటి మాటే వచ్చేది.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. వీడియో పూర్తయ్యాక దాన్ని కవరులో పెట్టి ఇచ్చేయడం కాదు, పెళ్లివారిని దుకాణానికి పిలిచి, బెంచీల మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మొత్తం చూపించేవాడు. ఎవరు తప్పిపోయారు, ఏది ఉండకూడదు అని వాళ్లే చెప్పేవారు. చెప్పినట్టు మార్చాకే ఇచ్చేవాడు. మిగతా స్టూడియోలవాళ్లు దీన్ని చూసి నవ్వేవారు, నాకూ తలనొప్పిగానే ఉండేది. ఒక పెళ్లిలో గేటు దగ్గర ఎవరో పెద్దామె నిలబడి ఉంది, కెమెరా కదిలిపోయింది, ముఖం సగమే పడింది. పనికిరాదని నేను తీసేశాను. చూపించడానికి ముందు రాజేశమన్న ఒకసారి చూసి ఆపాడు.

"గేటుకాడ ఒకామె నిలవడ్డది గదా, ఏమైంది?"

"ఊగిపోయిందన్నా. మొఖం కూడ సరిగ లేదు."

"ఆమె పెండ్లికొడుకు మేనత్త. అన్నతోని కొట్లాడి ఏడేండ్లు ఆ ఇంటి గడప తొక్కలే. గా పొద్దు వచ్చి గేటుకాడ్నే నిలవడ్డది, లోపలికి పోవాల్నా వద్దా అని." మౌస్ నా వైపు జరిపి, "ఊగితే ఊగనియ్యి. వచ్చిన మనిషిని కొయ్యకు" అన్నాడు.

ఆ రెండు క్షణాలు తిరిగి పెట్టాను. పెళ్లివారు వచ్చి చూస్తున్నప్పుడు, గేటు దగ్గరి ముఖం రాగానే పెళ్లికొడుకు తండ్రి తువ్వాలుతో కళ్లు అద్దుకున్నాడు. వీడియో మొత్తంలో ఆయన ఏడ్చింది అక్కడొక్కచోటే. నేను కంప్యూటర్ వైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు నటించాను.

రాజేశమన్నకు సినిమా తీయాలని ఉందని నాకు ఏడాది దాకా తెలియదు. తెలిశాక నవ్వొచ్చింది, కథ విన్నాక నవ్వు పోయింది. ఒకామె వారమంతా చుట్టిన బీడీలు బాగాలేవని కార్ఖానాలో పక్కకు తోసేస్తారు. ఆమె ఇంటికి వచ్చి, ఆకు, పొగాకు ఉన్న చాట ఒళ్లో పెట్టుకుని మళ్లీ మొదలుపెడుతుంది. అంతే కథ. అందులో నటించడానికి ఆయన ఎంచుకున్నది లింగంపేటలో మా వాడకట్టులోనే ఉండే నర్సవ్వను. అరవై దాటిన మనిషి, పదేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టిన చేతులు. ఆమె మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, కోడలిని తిడుతున్నా చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఆమె ఏనాడూ వాటి వైపు చూసేది కాదు.

పెళ్లిళ్లు లేని రోజుల్లో మధ్యాహ్నం పూట లింగంపేట వెళ్లేవాళ్లం. ఆయన నేల మీద చతికిలబడి, కెమెరాను నర్సవ్వ చాట ఎత్తుకు దించి పట్టుకునేవాడు. నిలబడి తీస్తే ఆమె తల వంచుకున్నట్టు కనబడుతుందని ఆయన పట్టు. ఆయనకు ఉబ్బసం ఉంది, మా వైపు దమ్ము అంటాం. ఆ ఇంట్లో తంబాకు దుమ్ము గాలిలోనే ఉంటుంది. పది నిమిషాలు కూర్చుంటే ఆయన ఛాతీలోంచి పిల్లి గురకలాంటి చప్పుడు మొదలయ్యేది. నేను మైకు దూరం జరపబోతే వద్దని సైగ చేసేవాడు. నర్సవ్వే ఒకసారి విసుక్కుంది. "గంత ఆయాసపడుకుంట ఎందుకు బిడ్డా, బయటికి పోయి కూసో. నేను ఈడ్నే ఉంట గదా, యాడికి పోత?" ఆయన కెమెరా ఆపకుండానే నవ్వాడు. ఆ నవ్వు కూడా రికార్డులో ఉంది.

అలా రెండేళ్లు పట్టింది. సినిమా చివర నాలుగు నిమిషాల సన్నివేశం ఒకటి. నర్సవ్వ బీడీలు చుడుతూ, ఎవరితోనూ అని కాకుండా, కడుపులోనే పోయిన తన మొదటి బిడ్డ గురించి చెబుతుంది. మేము రాసిచ్చిన మాటలు పక్కనపెట్టి ఆమె తనంతట తాను చెప్పిన మాటలవి. చెప్పడం అయిపోయాక కట్టకు దారం బిగించి, పక్కన పెట్టి, ఇంకో ఆకు తీస్తుంది.

కూర్పు కాగానే, పెళ్లివారిని పిలిచినట్టే, నర్సవ్వను ఎల్లారెడ్డికి బస్సులో తీసుకొచ్చి దుకాణంలో కూర్చోబెట్టి చూపించాడు. ఆమె అంతా చూసి, కోడలిని తిట్టే ముక్క తీసేయమంది. "లచ్చిమి ఇంటే బాధపడుతది. గప్పుడు కోపంల అన్న" అంది. సినిమాలో అంతకంటే బాగా వచ్చిన ముక్క ఇంకోటి లేదు. రాజేశమన్న మారుమాట లేకుండా తీసేయమన్నాడు. నేను మౌస్ విసిరికొట్టినంత పని చేశాను.

ఇక డబ్బు కావాలి. శబ్దం శుభ్రంగా చేయించాలి, అనుమతులు తెచ్చుకోవాలి, కనీసం నాలుగు థియేటర్లలో ఆడించాలి. పెళ్లి వీడియోల సంపాదనతో అయ్యే పని కాదు. కామారెడ్డిలో రైస్ మిల్లు, ఫంక్షన్ హాలు ఉన్న, అందరూ పటేల్ అని పిలిచే అనంతరెడ్డి గారిని నేనే పట్టుకున్నాను. ఆయన ఫంక్షన్ హాలులో మేము ఎన్నో పెళ్లిళ్లు తీశాం. మిల్లు ఆఫీసులో కిటికీలు మూసి సినిమా చూశాడు. లైటు వేసేసరికి ఆయన ముఖం తడిగా ఉంది. డబ్బున్నవాడు కనుక రాతిగుండె అని రాస్తే నాకు సులువే, కానీ అది అబద్ధం.

"రాజేశం, ఇందుల మా అవ్వను చూసిన," అన్నాడు. "నువ్వెంతంటే అంత పెడ్త. ఒక పాట పెట్టరాదు?"

"పాట వద్దు పటేలా."

"సరె, వద్దు. గని ఒక్కటి ఇను. ఈమె మాట మన జిల్లా దాటితే ఎవలికి సమజ్ అయితది? మంచి డబ్బింగ్ ఆమెతోని చెప్పిద్దాం. మొఖం ఆమెదే ఉంటది, మాట సాఫ్‌గ ఉంటది. మిగిలినదంత నీ ఇష్టం. నేను వేలు పెట్ట."

నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. ఎందుకు తోచదు, నా గొంతును నేనే అలా మార్చుకుని ఎన్నో ఏళ్లయింది. రాజేశమన్న మాత్రం "ఆమెను అడగాలె" అని లేచాడు.

ఎల్లారెడ్డికి తిరిగి వెళ్లే దారిలోనే లింగంపేట. నర్సవ్వ గుమ్మం ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. రాజేశమన్న పక్కన కూర్చుని విషయమంతా చెప్పాడు, వేరే ఆమె మాట్లాడుతుందని, నీ గొంతు ఉండదని. ఆమె కత్తెర ఆగలేదు.

"తియ్యిండ్రి బిడ్డా, ఏమైతది. నా గొంతు ఎవలింటరు? నా ఇంట్లోల్లే ఇనరు."

నాకు పట్టలేనంత సంతోషం వేసింది. రాజేశమన్న మాత్రం ఆమె చాటలోంచి ఒక ఆకు తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత స్కూటర్ దగ్గరికి వచ్చి, "పటేల్‌కు వద్దని చెప్పు" అన్నాడు.

"ఏందన్నా గట్లంటవ్? ఆమె ఒప్పుకున్నది గదా."

"గట్ల ఒప్పుకున్నదనే వద్దంటున్న. తన మాట ఎవలు ఇనరని ఆమె అనుకుంటున్నది. మనం తీసేస్తే, అవును అవ్వా నిజమే అన్నట్టు గాదా?"

నాకు ఒళ్లు మండింది. "లచ్చిమిని తిట్టింది తియ్యిమంటె తీసినవ్. పైసలు పెట్టేటాయన ఒక్కటి అడిగితే తియ్యవ్. ఇది నీ సిన్మానా, నర్సవ్వ సిన్మానా?"

"ఆమె మొఖం, ఆమె మాట, ఆమె ఇల్లు. నాదేమున్నది, కెమెరా." ఇంత చెప్పేసరికే ఆయనకు ఆయాసం వచ్చింది. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను.

ఇక్కడి నుంచి చెప్పేది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాజేశమన్నకు చెప్పకుండా ఆ నాలుగు నిమిషాల ముక్కను తీసుకుని హైదరాబాదు వెళ్లాను. నా స్నేహితురాలి ద్వారా ఒక డబ్బింగ్ కళాకారిణిని పట్టుకుని, నర్సవ్వ మాటలను నేనే శుభ్రమైన తెలుగులో తిరగరాసి, చెప్పించాను. కత్తెర చప్పుడు వేరే పెట్టాం. ఊపిరి చప్పుడు సహజంగానే పోయింది. చూస్తే ఎంత బాగుందని, పెద్ద సినిమాలా ఉంది. అనంతరెడ్డి గారికి పంపితే అప్పుడే ఫోను చేసి మెచ్చుకున్నాడు. రాజేశమన్న కూడా ఒకసారి చూస్తే మెత్తబడతాడని నా ధీమా. తెల్లారి ఆయన్ను కూర్చోబెట్టి చూపించాను.

ఆయన చివరిదాకా చూశాడు. "కటింగ్ మంచిగున్నది" అన్నాడు. తిడతాడని ఎదురుచూస్తున్న నాకు ఆ మాట ఎటు తీసుకోవాలో తెలియలేదు. తువ్వాలు తీసి మళ్లీ మెడలో వేసుకుని, "నర్సవ్వ చూసిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి నడువు. ముందు చూడాల్సింది ఆమెనే గదా" అన్నాడు. అది ఆ దుకాణం పద్ధతి. అది నాకు గుర్తు రాకపోవడం కన్నా, గుర్తొచ్చీ పక్కన పెట్టడమే నేను చేసిన తప్పు.

ల్యాప్‌టాప్ నర్సవ్వ ముందు పీట మీద పెట్టాను. ఆమె చేతులు పనిలోనే ఉన్నాయి. తెర మీద తన ముఖం రాగానే తల పక్కకు తిప్పుకుని సిగ్గుగా నవ్వింది. అందులోని నర్సవ్వ మాట్లాడటం మొదలుపెట్టింది. ఈ నర్సవ్వ నవ్వు ఆగింది. తల కొద్దిగా ముందుకు వంచి, వినికిడి తగ్గినవాళ్లు వింటారే, అలా విన్నది. కడుపులో పోయిన బిడ్డ మాట వచ్చింది, వెళ్లింది. ఆమె ముఖంలో ఏమీ కదలలేదు. అయిపోయాక నా వైపు తిరిగి మర్యాదగా అడిగింది.

"గీమె ఎవలు బిడ్డా? మంచిగ మాట్లాడుతున్నది."

నేను చూస్తుండగా మొదటిసారి ఆమె చేతులు ఆగాయి. సగం చుట్టిన బీడీ వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది. ఆమె తన సొంత బిడ్డను గుర్తుపట్టలేదు, గొంతుతో పాటు నేను ఆ బిడ్డను కూడా ఎవరికో ఇచ్చేశాను.

ఆ ముక్కను ఆ రోజే చెరిపేశాను. అనంతరెడ్డి గారికి నేనే ఫోను చేసి వద్దని చెప్పాను. ఆయన బాధపడ్డాడు, కోప్పడలేదు. "మీ ఇష్టం బిడ్డా, గని మంచి సిన్మా మూలకు పడ్తది" అన్నాడు. ఆయన అన్నట్టే అయింది. నేను కొన్నాళ్లకు కామారెడ్డికి వచ్చేశాను. జీతం కోసమని అందరికీ చెప్పాను. అసలు సిగ్గు ఒక కారణం, కోపం ఒక కారణం. చేసిన తప్పు నాదే అయినా, ఆయన మొండితనం మీద నా కోపం చల్లారలేదు. ఈ రోజుకీ పూర్తిగా చల్లారలేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఆయన సీజను సీజనుకు కొంచెం మిగుల్చుకుని సినిమా పూర్తి చేస్తానన్నాడు. ఈలోగా నర్సవ్వ ఒక వానాకాలంలో జ్వరంతో పోయింది. తన సినిమాను పెద్ద తెర మీద చూడకుండానే పోయింది. అనంతరెడ్డి గారి డబ్బు తీసుకుని ఉంటే ఆమె ఎల్లారెడ్డి టాకీసులో ముందు వరుసలో కూర్చుని ఉండేది. వేరే గొంతుతోనైనా కూర్చుని ఉండేది. ఆ మాట రాజేశమన్నతో చావు ఇంటి దగ్గరే అనేశాను. ఆయన తల ఊపి, "అవు చెల్లే, నేను గూడ గదే అనుకుంటున్న" అన్నాడు. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది.

మరుసటేడు ఆయన కూడా పోయాడు. ఊపిరి అందక పోయాడు. దినాలయ్యాక ఆయన భార్య కమల వదిన స్టూడియో ఖాళీ చేస్తూ, తువ్వాలులో చుట్టిన హార్డ్ డిస్క్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "స్వరూపకియ్యిమన్నడు. చూపెట్టెతందుకు మనుషులను ముందు పిలువుమన్నడు" అంది. అది రెండేళ్లకు పైగా నా బీరువాలో ఉంది. ఆరు నెలల క్రితం తీసి, సాయంత్రాలు కూర్చుని, నా చేతనైనంత పూర్తి చేశాను. తర్వాత, మళ్లీ ఎవరినీ పిలవకుండానే, హైదరాబాదు సంస్థకు పంపాను. ఇప్పుడు వాళ్ల ఉత్తరం వచ్చింది. పదేళ్ల కిందటి అదే షరతు, ఈసారి అడ్డం చెప్పేవాడు లేడు.

గురువారం పొద్దున బస్సెక్కి లింగంపేట వెళ్లాను. మహిళా సంఘం గదిలో తలుపులు మూసి, గోడ మీద తెల్ల దుప్పటి కట్టి, వాడకట్టు ఆడవాళ్లను పిలిచాను. పదిహేను మంది దాకా వచ్చారు. సగం మంది చాటలు కూడా తెచ్చుకున్నారు. ముందు వరుసలో నర్సవ్వ కోడలు లక్ష్మి కూర్చుంది. ఆమెను తిట్టిన ముక్క తీసేసే ఉంచాను. నాలుగు నిమిషాల సన్నివేశం వచ్చేసరికి గదిలో కత్తెరల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. నర్సవ్వ తన గొంతుతో తన బిడ్డ గురించి చెబుతోంది. ఆ గది నిశ్శబ్దంలో మూడో చప్పుడు ఎంత స్పష్టంగా వినిపించిందంటే, నేనే ఉలిక్కిపడ్డాను.

లక్ష్మి తల తిప్పి పక్కామెతో మెల్లగా అంది. "గా దమ్ము రాజేశమన్నది గదా. పాపం, గిట్లనే గుంజుకుంట కూసుంటుండె."

తర్వాత మళ్లీ తెర వైపు తిరిగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా అత్త మంచిగ మాట్లాడుతున్నది" అంది.

ఆ మాట నర్సవ్వ వినాల్సింది. రాజేశమన్న వినాల్సింది. నేనొక్కదాన్నే విన్నాను. తిరుగు బస్సులో కూర్చుని సంస్థకు జవాబు రాశాను, గొంతు మార్చము, వెనక ఉన్నది రొద కాదు, సినిమా తీసిన మనిషి అని. వాళ్లు ఇక తీసుకోరని తెలుసు. ఇంకెవరు తీసుకుంటారో తెలియదు, బహుశా ఎవరూ తీసుకోరు. వచ్చే వారం లింగంపేట పక్క ఊరి ఆడవాళ్లు తమకూ చూపించడానికి రమ్మన్నారు. దుప్పటి ఉతికి ఆరేశాను.